పదకొండు డౌన్‌లోడ్లు

ఆగస్టు 5. మదనపల్లె.

వెర్షన్ నాలుగు హెల్ప్ పబ్లిష్ చేయాలి. టూల్లో అవుట్‌పుట్‌కు రెండు టిక్ బాక్సులు: వెబ్ హెల్ప్, పీడీఎఫ్. ఈ పీడీఎఫ్ నా ప్రాణం తీస్తోంది. టేబుళ్లు పేజీ మధ్యలో తెగుతాయి, తెలుగు ఒత్తులు ఊడిపోతాయి, ప్రతిసారీ రెండు రోజులు దానికే బలి. ఇంతా చేసి మా సాఫ్ట్‌వేర్ ఏమంత పెద్దది? పట్టుపురుగు పిల్లల్ని రైతులకిచ్చే ముందు పది రోజులు సాకే గదులుంటాయి, చాకీ గదులంటారు. అక్కడ వేడీ తేమా చూసుకునే మిషను మాది. దాని పుస్తకం మొత్తం నేనే రాశాను.

లెక్కలు తీశాను. మూడు నెలల్లో పీడీఎఫ్ డౌన్‌లోడ్లు పదకొండు. మా మిషను వాడే చాకీ సెంటర్లేమో రెండు వందల పైన. ఎవరికీ అక్కర్లేదు సార్ అని బెంగళూరులో ఉన్న మేనేజర్ మధుసూదన్ గారికి మెసేజ్ పెట్టాను. నీ ఇష్టం మెర్లిన్ అన్నారు.

ఆగస్టు 6.

పీడీఎఫ్ టిక్ తీసేశాను. హాయిగా ఉంది.

ఆగస్టు 22. పుంగనూరు.

ట్రైనింగ్. ముప్పై మంది వచ్చారు. కొత్త వెర్షన్ ఎక్కించే టెక్నీషియన్ హనుమంతు ప్రొజెక్టర్ చూసుకున్నాడు. నేను క్యూఆర్ కోడ్ చూపించి, ఫోన్లో స్కాన్ చేస్తే చాలు, ఇక పుస్తకాలతో పనే లేదు అని దంచాను.

కుప్పం వైపు నుంచి బయ్యమ్మ అని ఒకావిడ వచ్చింది. యాభై దాటి ఉంటాయి. సొంతంగా చాకీ సెంటర్ నడుపుతోంది. నలభై ఏళ్లకు అక్షరాలు నేర్చుకుందట. పాత పుస్తకంలో అలారం పేజీ గడగడా అప్పజెప్పింది. అది రాసింది నేనేనని తెలిసి నా చెయ్యి పట్టుకుని వదల్లేదు. కాగితం యాల నిలిపేసినారమ్మా అని అడిగింది. చాకీ గదిలోకి ఫోను రానీము, వాకిట్లో బుట్టలో యేసి, కాళ్లు బ్లీచింగు నీళ్లలో ముంచి లోపలికి పోతాము, బయట మురికి పురుగుకు తగిలితే బ్యాచంతా పోతాది, మాకు లోపల గోడకుండే కాగితమే దిక్కు అంది.

బయటికొచ్చి చూసుకుని వెళ్లండక్కా, రెండడుగులే కదా అన్నాను. అందరూ నవ్వారు. ఆవిడా నవ్వింది. ట్రైనింగ్ బాగా జరిగింది.

సెప్టెంబరు 14.

ఫీడ్‌బ్యాక్ పేజీ ఖాళీ. అంటే అందరూ బాగున్నట్టే.

అక్టోబరు 17. ఉదయం 11.

హనుమంతు ఫోన్. బయ్యమ్మ గదిలో బ్యాచ్ మొత్తం పోయింది. నిన్న సాయంత్రం అలారం మోగితే, గోడ మీది కాగితం చూసి రీసెట్ బటన్ పది సెకన్లు పట్టుకుందట. వెర్షన్ మూడులో అలా చేస్తే అలారం ఆగేది, అంతే. నాలుగులో అలా చేస్తే మనం పెట్టుకున్న వేడి, తేమ నంబర్లన్నీ చెరిగిపోయి ఫ్యాక్టరీ నంబర్లు వస్తాయి. తేమ పడిపోయింది, ఆకు ఎండిపోయింది. ఆ కొత్త నంబర్ల ప్రకారం అంతా సరిగ్గానే ఉంది కాబట్టి అలారం మళ్లీ మోగలేదు. పొద్దున తలుపు తీస్తే ఏముంది, ట్రేల నిండా చచ్చిన పురుగులు. ముప్పై ఇళ్లవాళ్లు ఈ బ్యాచ్ కోసమే మల్బరీ తోటలు సిద్ధం చేసుకుని ఉన్నారు.

కొత్త పద్ధతి నా వెబ్ హెల్ప్‌లో ఉంది. ఎర్ర పెట్టెలో, బోల్డ్‌లో. ఫోనేమో వాకిట్లో బుట్టలో ఉంది.

మధ్యాహ్నం 3.

ఆ పదకొండు డౌన్‌లోడ్ల సంగతి హనుమంతును అడిగాను. కుప్పంలో జిరాక్స్ షాపతను ఒక్కసారి దించుకుని, ల్యామినేషన్ చేసి చుట్టుపక్కల సెంటర్లన్నిటికీ ఇచ్చాడట. వాని దగ్గరే నలభై కాపీలు పోయుంటాయి మేడం అన్నాడు. అయ్యో దేవుడా! ఆ రోజు ఒక్కరికి ఫోన్ చేసి అడిగినా తెలిసేది కదా.

అక్టోబరు 18.

సార్ రిపోర్ట్ పంపమన్నారు. కారణం: ఆపరేటర్ పొరపాటు. మాట ఆయనది, టైప్ చేసింది నేను.

అక్టోబరు 26. కుప్పం.

నిజం చెబుదామనే వెళ్లాను. పలమనేరు, వి.కోట మీదుగా బస్సులో దారి పొడుగునా మాటలు కూర్చుకున్నాను. బయ్యమ్మ కాఫీ ఇచ్చింది. పైగా నన్నే ఓదార్చింది! నువ్వు బంగారం మాదిరి రాసుండావు తల్లీ, పది అంటే పదే, నేనే యాడో లెక్క తప్పినా, ఎనిమిదికే ఇడిసిపెట్టుంటా, ముదిమిలో నేర్సిన సదువు గదా అంది. గోడ మీది కాగితం తెచ్చి వేలు పెట్టి చదివి వినిపించింది. ఒక్క తప్పు లేదు.

నిజం చెప్పకుండానే కాఫీ గ్లాసు కింద పెట్టి లేచాను. ఉద్యోగం పోతుందని భయం, మరేం కాదు. పిరికిదాన్ని. ఐదింటి బస్సెక్కి వచ్చేశాను.

నవంబరు 4.

పీడీఎఫ్ టిక్ మళ్లీ పెట్టాను. అలారం గురించి ఒకే ఒక్క పేజీ. పెద్ద అక్షరాలు, పైన వెర్షన్ నంబరు, కింద 'పాత కాగితం తీసేయండి' అని. నలభై నిమిషాల్లో అయిపోయింది. నలభై నిమిషాలు! కుర్చీలోనే కూర్చుని ఏడ్చాను.

నవంబరు 19.

హనుమంతు కొత్త కాగితాలు పంచి వచ్చాడు. బయ్యమ్మ తీసుకోలేదట. సెంటర్ మూసేసింది. రైతులేం వద్దనలేదు మేడం, ఆయమ్మే మిషను ముట్టడంలే, బస్సు బోర్డు గూడా పక్కోళ్లనే అడుగుతాండాది, నాకు సదవను రాదు అంటాండాది అన్నాడు.

రిపోర్ట్ తిరగరాసి సార్‌కు పంపాను. కారణం దగ్గర నా పేరు పెట్టాను. నెల ఆలస్యంగా.

నవంబరు 23. కుప్పం.

చెప్పాను. అంతా.

తిట్టలేదు. తాళం వేసిన చాకీ గది వైపు చూసింది. అయితే నేను పది సరిగ్గానే లెక్కపెట్టినానా అమ్మా అని అడిగింది.

సరిగ్గానే అక్కా అన్నాను.