వంతెనలోంచి దూసుకుపోయే పడవ

నవంబర్ 6, సోమవారం, మాల్మో, స్వీడన్

మళ్లీ అదే. మా బాస్ యోరాన్ మెషీన్‌లో, మేం తయారుచేస్తున్న కంప్యూటర్ ఆటలోని పడవ మూసి ఉన్న వంతెనలోంచి దూరి అవతలికి పోయింది. నా మెషీన్‌లో మాత్రం వంతెన లేచాకే బుద్ధిగా వస్తుంది. శుక్రవారం ఆటకి డబ్బు పెట్టే పబ్లిషర్లు చూడటానికొస్తున్నారు, ఈ పడవ తిన్నగా నడవకపోతే అందరం ఇంటికే అన్నాడు యోరాన్. పైగా, నీ కంప్యూటర్‌ని మ్యూజియంకిచ్చెయ్ మార్గిట్, దాంట్లో అన్నీ బాగానే ఉంటాయి అని వేళాకోళం. అందరూ నవ్వారు. ఒళ్లు మండింది.

నవంబర్ 7

పడవ దారి మీది బిందువులు నలభై రెండూ చూశాను. ఒక్కటీ తప్పు లేదు. రోజంతా దండగ.

నవంబర్ 8, మధ్యాహ్నం

దొరికింది. పడవను సెకనుకి ఇంత దూరం అని కాక, తెర మీద గీసే ఒక్కో ఫ్రేమ్‌కి ఇంత అని జరిపారు. కొత్త మెషీన్లు సెకనుకి రెట్టింపు ఫ్రేములు గీస్తాయి కాబట్టి పడవ రెట్టింపు వేగంతో పోతుంది. వంతెన మాత్రం గడియారం చూసి లేస్తుంది. కాలేజీ పిల్లలు చేసే తప్పు. రాసింది టిల్డా.

పక్క సీటే తనది. ప్రసవం సెలవు అయ్యాక ఈ మధ్యే వచ్చింది. బాబు నిద్రపోనివ్వట్లేదే, బుర్ర పనిచెయ్యట్లేదు, యోరాన్‌కి మాత్రం చెప్పకే అని ఏడ్చింది. తన మెషీన్ కొత్తది కాబట్టి అక్కడే కూర్చుని సరిచేసి, సేవ్ చేశాను. మార్పు రికార్డులో తన పేరు మీద పడింది. చూశాను. పోనీలే అనుకున్నాను.

నవంబర్ 10

పడవ చక్కగా నడిచింది. కాఫీ వేళ దాల్చినచెక్క బన్ను ముందు టిల్డాకే ఇచ్చాడు యోరాన్. నువ్వు లేకపోతే మునిగిపోయేవాళ్లం తల్లీ అన్నాడు. అదేముందిలే అంది టిల్డా, బన్ను వంక చూస్తూ. ఇక్కడ నలుగురిలో అది నా పని అని చెప్పుకుంటే సిగ్గులేనిదంటారు. కాఫీ తాగాను.

నవంబర్ 20

పబ్లిషర్లు చెయ్యి వెనక్కి తీసుకున్నారు. ప్రోగ్రామర్లం ఇద్దరం, ఒకరు వెళ్లాలి. చట్టం ప్రకారం చివర చేరినవాళ్లు ముందు వెళ్లాలి. నేను చేరి పదకొండేళ్లు, టిల్డా నాలుగే. కానీ చిన్న కంపెనీకి, తప్పనిసరి అనుకున్న ఇద్దరు ముగ్గురిని ఆ వరస నుంచి తప్పించే వీలుంది.

నవంబర్ 21

పడవను బాగుచేసింది తనేనని టిల్డాని ఆ వరస నుంచి తప్పించారు. వెళ్లేది నేను.

నవంబర్ 22

సిగ్గు విడిచి యోరాన్‌కి అంతా చెప్పాను. రికార్డులో నీ పేరేదీ, ఇప్పుడొచ్చి తోటి మనిషి పని నాదనడం నీకు తగునా అన్నాడు. టిల్డాని పిలిచి అడుగు అన్నాను. సెలవు పెట్టిందట. బాబుకి జలుబట.

పదకొండేళ్లు. ఒక అట్టపెట్టెలో సరిపోయాయి.

డిసెంబర్ 14

టిల్డా మెసేజ్ పెట్టింది. మలుపు దగ్గర పడవ వెనక్కి నడుస్తోందట, ఎక్కడ చూడాలో కాస్త చెప్పవా అంది. ఎక్కడో నాకు నిమిషంలో తెలిసిపోయింది. నాలుగు లైన్లు రాసి పంపాను.

జవాబుగా పైకెత్తిన బొటనవేలి బొమ్మ ఒకటి వచ్చింది.