ఎర్రగీత మీద కొన్న తొట్టి

యుంగ్-షెంగ్, చెప్పులు విప్పకుండా లోపలికి రా. హాలంతా గాజుపెంకులే. తొట్టిని సుత్తితో నేనే పగలగొట్టాను. నీ డ్రాగన్ చేపని ముందే బాత్‌టబ్బులోకి మార్చాను. పైన పెట్టిన పలక తియ్యకు, ఎగిరి దూకుతుంది.

రెండడుగుల చేపకి అడుగు వెడల్పు తొట్టా? వెనక్కి తిరగలేక గాజుకి కొట్టుకుని మూతి పగిలి నెత్తురు కారింది. అదృష్టం చూసే కొలత టేపులో తొట్టి వెడల్పు శుభమని చెప్పే ఎర్రగీత మీద పడిందని మురిసిపోయావు గానీ, చేపని ఒక్కసారైనా కొలిచావా? ఆరడుగుల పొడవు, రెండున్నర అడుగుల వెడల్పుది ఇవాళే తీసుకురా.

నేను తైనాన్‌లో మా అమ్మ దగ్గరుంటా.

బావ్-చూ

అన్నట్టు, మన వంటిల్లూ ఆ టేపుతోనే కొలిచి కట్టించావు. పదకొండేళ్లుగా అటు తిరిగితే పొయ్యి, ఇటు తిరిగితే గోడ. తిరిగొచ్చాక ఆ గోడ పని పడతా. సుత్తి నా దగ్గరే ఉంది.