గేటు బయట నీడ

మంగళవారం రాత్రి, దూలపల్లి, చెల్లెలి ఇల్లు

పొద్దున జవహర్‌నగర్‌లో చూసిన ఇంటి అద్దె అందుబాటులోనే ఉంది. కిటికీ తీస్తే చెత్త కంపు. మా ఆయనకి అసలే అన్నం సయించడం లేదు, ఆ కంపులో ఇంకేం తింటారు? వద్దని వచ్చేశాను.

సాయంత్రం కౌకూర్‌లో రెండు గదుల ఇల్లు దొరికింది. చౌకే, గాలి కూడా వస్తుంది. ఇంటావిడ పెద్దామె, కూర్చోబెట్టి చాయ్ ఇచ్చింది. మా ఆయన వైద్యం కోసమే తుని నుంచి మారుతున్నామని దాచకుండా చెప్పాను.

"ఏమనుకోకు బిడ్డా. ఎన్నొద్దులన్న ఉండుండ్రి. గని రేపు జరగరానిది ఏమన్న జరిగితే, ఇంట్లకు మాత్రం తేవద్దు. మా పెద్దోడు ఒప్పుకోడు. గేటు బయట గా చెట్టు కింద టెంటు ఏసుకోనిస్త," అంది. వేలితో చూపించింది కూడా. కానుగ చెట్టు.

నాకు కోపం రావాలి. రాలేదు. మిగతావాళ్ళు మనసులో పెట్టుకునేది ఈవిడ మొహం మీదే అంది, అంతే కదా. రేపు చెబుతానని లేచొచ్చాను.

ఇందాక ఆయన ఫోన్ చేశారు. ఇల్లు దొరికిందా అన్నారు. ఒకటి చూశాను, గాలి బాగా వస్తుందన్నాను.

"రోజంతా గదిలో పడి ఉండలేనే. బయట కుర్చీ వేసుకోడానికి కాస్త నీడుందా?"

"ఉందండీ. గేటు బయట కానుగ చెట్టుంది."

ఎన్నాళ్ళకో ఆయన గొంతులో హుషారు.

"అయితే ఇంకేం చూడకు. అదే ఖాయం చేసెయ్."