హారన్ వెనక డబ్బా

మంగళవారం, రాత్రి

రాజలింగం మొహం మళ్లీ చూడాలని లేదు. పసుపు మండీలో మైకు పట్టుకుని రాశుల నంబర్లు పిలిచేది అతనే. ఆ మైకు, మాట మండీ అంతా వినిపించే హారన్ స్పీకర్లు బిగించింది నేను. పొద్దున బేరాల మధ్యలో నాలుగు హారన్లూ మూగబోయాయి. నేను వెళ్లేసరికి వేల్పూర్ రైతులందరి ముందు నా మీద అరిచాడు.

"గిదేం సామానే! నాసిరకం మాల్ పెట్టి పోయినవ్!"

నిచ్చెన వేసుకుని ఎక్కాను. కాలిన కాయిల్ వాసన. హారన్ల వెనక ఉండాల్సిన మ్యాచింగ్ ట్రాన్స్‌ఫార్మర్ డబ్బాలు లేవు, తీగలు నేరుగా హారన్లకే చుట్టి ఉన్నాయి. మైకు గది నుంచి మండీ చివరిదాకా పోయే తీగలో వోల్టేజీ పెంచి పంపుతాం. దాన్ని హారన్ తట్టుకునేంతకు దించేది ఆ డబ్బానే.

"ఎవడు పీకిండు?" అని పైనుంచే అడిగాను.

"నేనే. గా డబ్బలే సౌండ్ తాగుతున్నయ్. తీసినంక గంటసేపు మస్తు మోగింది."

గంట మోగిందట! అదో గొప్ప!

"జర అకల్ ఉండాలె మనిషికి!" అని అందరూ వినేలా తిట్టాను. రైతులు నవ్వారు. అతను నవ్వలేదు.

"బిగించిన్నాడే అడిగిన గదనే, గా డబ్బ ఎందుకని. ఏమన్నవ్?"

నేను దిగి వచ్చేశాను.

"నీకెందుకు, నీ నంబర్లు నువ్వు పిలువు" అన్నాను ఆ రోజు. అన్నీ తెలిస్తే ఇక నన్ను పిలవరని.

రేపు కొత్త హారన్లు, వాటి వెనక డబ్బాలు బిగిస్తాను. ఆ డబ్బాలు ఎందుకో మాత్రం ఇప్పటికీ చెప్పబుద్ధి కావడం లేదు.