సముద్రం లేని పటం

చెన్నై,
ఆదివారం మధ్యాహ్నం.

తమ్ముడు రాముకి,

అక్క పైడమ్మ దీవించి రాస్తున్నది. నేనూ, మీ బావా, మా గౌరీ ముగ్గురం ఇక్కడ తిని తిరుగుతున్నాం. నువ్వూ, మరదలు నాగమణీ, పిల్లాడూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. పెద్దమ్మ మోకాలి నొప్పి ఎలా ఉంది? మీ బావ నడుం పట్టేసి రెండు రోజులు పడుకున్నారు, ఇప్పుడు బాగానే ఉన్నారు. గాబరా పడకు.

ఫోన్ ఉండగా ఈ ఉత్తరమేమిటని నవ్వుతావు. ఫోన్లో నేను మొదలుపెట్టగానే "సరేలే అక్కా, సూస్తాను" అని పెట్టేస్తావు. ఉత్తరాన్ని అలా మధ్యలో పెట్టేయలేవు కదా. పైగా కవరులో గౌరి రాసిన కాగితం ఒకటి ఉంది. దాని సంగతి చివర్లో చెబుతాను.

ఇక్కడ వానలు ఇప్పుడిప్పుడే తెరిపిచ్చాయి. మా రేకుల షెడ్డు ముందు మోకాలి లోతు నీళ్ళు నిలిచి, పది రోజులు ఇటుకల మీద అడుగులేసి నడిచాం. పని మాత్రం ఆగలేదు. మీ బావ టైల్స్ వేస్తారు, నేను సిమెంటు కలిపి అందిస్తాను, ఆరిన తర్వాత అతుకుల్లో తెల్ల సిమెంటు పూసి తుడుస్తాను. వేళ్ళు పగిలి, కూర కలుపుకుంటే మండుతున్నాయి. అన్నానికి లోటు లేదు గాని చోడి అంబలి మీద మనసు పోతోంది. ఇక్కడి రాగిపిండికి ఆ రుచి రాదు. చీపురుపల్లిలో రైలెక్కి ఇటు వచ్చేవాళ్ళెవరైనా ఉంటే రెండు కేజీల చోడిపిండి, కాసిని ఎండు నెత్తళ్ళ చేపలు పంపించు. ఈ షెడ్డుల్లో మనవాళ్ళవి నాలుగే కుటుంబాలు. ఎవరైనా మన యాసలో "ఏటే" అని పిలిస్తే ప్రాణం లేచొస్తుంది.

ఇక కోపం సంగతి. దాచుకోవడం నా వల్ల కాదు.

మేం బయలుదేరేటప్పుడు గౌరిని ఏం చేయాలో తెలీక నేను ఏడుస్తుంటే నువ్వేమన్నావో గుర్తుందా? హాస్టల్లో రెండుసార్లు జ్వరం తెచ్చుకున్న పిల్ల, వదిలి రాలేను. తీసుకొస్తే ఇక్కడ తమిళంలో పదో తరగతి చదవడం దాని వల్ల కాదు. అప్పుడు నువ్వు, "ఎందుకక్కా ఏడుపు? పుస్తకాలన్నీ ఫోన్లో ఫ్రీగా ఉన్నాయి. ఎవలైనా దించుకోవచ్చు, ఎవలికైనా ఇచ్చుకోవచ్చు. రేపటి సదువంతా ఇలగే ఉంటాది. పరీక్షకి మాత్రం సీపురుపల్లి వచ్చి రాసెల్లిపోతాది" అన్నావు. ప్రైవేటుగా రాయడానికి దరఖాస్తు కూడా నువ్వే పెట్టావు. నెల్లిమర్ల దగ్గర హైస్కూల్లో మాస్టారివి, నీ మాట మాకు వేదం.

పుస్తకాలు పంపావు, కాదనను. ఒక్క నొక్కుతో అన్ని సబ్జెక్టులూ ఫోన్లోకి వచ్చేశాయి. మన చిన్నప్పుడు పై తరగతి వాళ్ళ చిరిగిన పుస్తకం కోసం వేసవంతా వాళ్ళ ఇంటి చుట్టూ తిరిగేవాళ్ళం, అందుకే ఆ రోజు నాకు కళ్ళు చెమర్చాయి. అంత చదువుని ఊరికే అందరి ముందూ పెట్టినవాళ్ళకి దండం పెట్టుకున్నాను. ఇప్పుడూ పెడతాను, తప్పు వాళ్ళది కాదు.

మాకు ఫోన్ ఒక్కటే. పగలు పనిలో నా దగ్గరే ఉండాలి, మేస్త్రీ పిలుస్తాడు. అందుకని గౌరి సాయంత్రం ఫోన్ చేతికి రాగానే పాఠాన్ని లాంగ్ బుక్కులోకి ఎక్కించుకునేది, మర్నాడు పగలంతా అది చదువుకునేది. బొమ్మలతో సహా ఏడు లాంగ్ బుక్కులు నింపింది. సోషల్ సులువని చివరికి అట్టేపెట్టుకుంది.

రెండు వారాల కిందట, ఆదివారం, ఆ సోషల్ తీసింది. నేను పక్కన కూర్చుని బియ్యం ఏరుతున్నాను.

"అమ్మా, మన రాష్ట్రం బొమ్మలో సముద్రం ఏదే?" అంది.

"సరిగ్గా సూడే, కుడిపక్క ఉంటాది" అన్నాను.

"కుడిపక్కా నేదు, ఎడంపక్కా నేదు. సుట్టూ నేలే ఉన్నాది."

నేనూ చూశాను. మీ బావ ఫోన్ తీసుకుని అటు తిప్పి ఇటు తిప్పి చూశారు. సముద్రం లేదు, శ్రీకాకుళం లేదు, విజయనగరం లేదు. అది తెలంగాణ పుస్తకం, తమ్ముడూ.

మొదటి పేజీలు లేవు. ఎవరో పాఠాలు మాత్రం ఉంచి తక్కినవి తీసేసినట్టున్నారు. తెలుగులో ఉంది, పదో తరగతి అని ఉంది, మాస్టారైన మావ పంపాడు, ఇంక అనుమానం ఎందుకొస్తుంది? తక్కినవీ అక్కడివే. లెక్కలు కొంత కలుస్తాయి. సైన్సు సగం కలవదు. తెలుగు పాఠాలు కంఠతా పట్టినవన్నీ వృథా. పరీక్ష మూడు నెలల్లో ఉంది.

సోమవారం నీకు ఫోన్ చేస్తే, "అయ్యో, ఏదో గ్రూపులో వచ్చిందక్కా, అలగే పంపీసినాను. ఉండు, కొత్త లింకు పంపుతాను" అన్నావు. అదైనా తెరిచి చూశావా అని అడిగాను. బెల్లు కొట్టారన్నావు.

మీ బావ ఎవరినీ ఒక మాట అనరు, నీకు తెలుసు. ఆయనే అన్నారు: "పెట్టె ఇప్పి సూడకుండా టైలు ఏస్తానేటి నాను? పైన అన్నిటికీ ఒకటే పేరు ఉంటాది, లోపల రంగు తేడా వస్తాది. ఒక్క పెట్టె తేడా వస్తే గదంతా ఊడబీకాల. టైలుకే అంత సూస్తామే, పిల్ల సదువుకి సూడక్కర్నేదేటి మాస్టారు?" ఈసారి నిన్ను వెనకేసుకు రాలేదు. ఎప్పుడూ వచ్చేదాన్ని.

గౌరి ఏడవలేదు. ఏడిస్తే బాగుండేది. ఏడు పుస్తకాలూ పేర్చి తాడు కట్టి మంచం కిందకి తోసేసి, "ఈ ఏడు మానేస్తానమ్మా. నీతో పనికొస్తాను. మేస్త్రీ కూడా రమ్మంటన్నాడు" అంది.

నా భయమంతా అదే రామూ. ఒక్క ఏడు మానేసిన పిల్ల మళ్ళీ పుస్తకం పట్టదు. ఇంటర్ తర్వాత నేను మానేసింది కూడా ఒక్క ఏడే అనుకుని. చూస్తున్నావుగా, తెల్ల సిమెంటు తుడుస్తున్నాను.

ఫ్రీ, ఫ్రీ అంటావు. పది రోజులు ఇంటి ముందు మోకాలి లోతు నీళ్ళు, తాగడానికి మాత్రం ట్యాంకరు కోసం బిందె పట్టుకుని నిలబడ్డాను. నీ లింకులూ అలాగే ఉన్నాయి. నీకు ఎక్కాలు నేర్పింది నేను. పదమూడో ఎక్కం తప్పినప్పుడల్లా మొదటినుంచీ చెప్పించాను, ఏడ్చినా వదల్లేదు. ఎక్కాల పుస్తకం అప్పుడూ మనింట్లో ఉంది. పుస్తకం ఉంది కదా అని నిన్ను వదిలేసి ఆటకి పోలేదు.

తర్వాత ఏం జరిగిందంటే, పక్క షెడ్డు అప్పలరాజు కూతురు, ఎనిమిదో తరగతి పిల్ల, తన ఫోన్ పట్టుకుని వచ్చింది. "గౌరక్కా, నాది సూడవా? నా పుస్తకం మనదేనా?" అని ఒకటే గోల. గౌరి విసుక్కుంటూనే మొదటి పేజీ నుంచి చివరిదాకా చూసి, దాని నోటు బుక్కు మీద రాసిచ్చింది: 'మన పుస్తకమే. మొత్తం చూశాను. గౌరి.' మర్నాడు ఇంకో ఇద్దరు వచ్చారు. వాళ్ళకీ చూసిపెట్టింది. మూడో రోజు నేను పని నుంచి వచ్చేసరికి మంచం కింద కట్ట విప్పి ఉంది.

కవరులో కాగితం ఆ కట్టలోని లాంగ్ బుక్కులోంచి చింపిందే. నువ్వు పంపిన కొత్త లింకులోని పుస్తకాలు మనవేనని చూసి, వాటిలో పాఠాలన్నీ వరసగా రాసింది. తను ముందే చదివినవాటిలో పనికొస్తాయనుకున్న పాఠాలకి టిక్కు పెట్టింది. చివర 'చూశాను, గౌరి' అని రాసి, కింద నీ సంతకానికి చోటు వదిలింది. ఒక్కొక్క పాఠం తెరిచి చూడు. టిక్కు తప్పైతే కొట్టేయి. సంతకం పెట్టి పోస్టు చెయ్యి. రోజూ సాయంత్రం అరగంట గౌరితో ఫోన్లో కూర్చో. ఇంకో లింకు మాత్రం పంపకు.

తిట్టానని మనసులో పెట్టుకోకు. నిన్ను కాక ఎవరిని తిడతాను? పెద్దమ్మకి మా దండాలు చెప్పు, గౌరిని దీవించమను. అరసవల్లి వెళ్తే దాని పేరు చెప్పి ఒక దండం పెట్టమను. నాగమణిని అడిగానని చెప్పు, పిల్లాడికి ముద్దులు. మేం బాగానే ఉన్నాం, బెంగ పెట్టుకోకండి.

నీ మేలు కోరే అక్క,
పైడమ్మ

కవరు అంటించబోతుంటే గౌరి వచ్చి, "అమ్మా, మావ సూడకుండానే సంతకం ఎట్టీస్తే?" అని అడిగింది. పెట్టడని చెప్పాను. నా మాట నిలబెట్టు.