నిత్య మెడలో చంద్రకాంతం

అవినాశి

మామకు మీ ఇల్లాలు వళ్లి నమస్కారాలు. ఇక్కడ అందరం తిని, పని చేసుకుని బాగానే ఉన్నాం. జైపూర్ చలిలో రాళ్లు సానపట్టే చేతులు పగలకుండా చూసుకోండి. ఫోనులో అయితే పక్కనే అత్త ఉంటుంది, నాకు నోరు రాదు. అందుకే మీ నాయన మనిద్దరికీ నేర్పిన తెలుగు అక్షరాల్లో రాస్తున్నాను. తప్పులుంటే నవ్వకండి.

మీరు పంపిన రాయి ఎలా ఉందని అడిగారు. చాలా అందంగా ఉంది. ఊరికే చూస్తే మీగడ తునకలా ఉంటుంది. కొంచెం వంచితే లోపల నీలి వెలుగు ఈ అంచు నుంచి ఆ అంచుకు జారుతుంది. మన నిత్యకు అద్దం ముందు అదే ఆట. అత్త దాన్ని పౌర్ణమినాడు పాలతో కడిగి పాప మెడలో కట్టింది.

"చంద్రకాంతం వెన్నెట్లో చెమరుస్తాది. ఆ చలవ తలకి తగిలితే వలిప్పు, ఆ మూర్ఛ, దగ్గరికే రాదు. కాంగేయం చేలల్లో దొరికిన రాయితోనే మా అవ్వ ఎందరికో నయం చేసింది" అంది.

మూర్ఛ తగ్గిందా అని అడిగారు. తగ్గలేదు. నేను తెల్లారేసరికి బనియన్ కంపెనీకి వెళ్తాను కనుక మాత్రలిచ్చేది అత్తే. రాయి కట్టాక ఆమె మాత్రలు మానేసింది. నాకు చెప్పలేదు. సోమవారం బడిలో ప్రార్థన వేళ నిత్య పడిపోయింది. నేను పరుగున వెళ్లేసరికి పాపకు తెలివి వచ్చింది. దాని చేతిలో ఎవరో తాళాల గుత్తి పెట్టారు. పిల్లలంతా గోడకు ఆనుకుని దూరంగా నిలబడ్డారు. "పేయా, ఆంటీ?" అని ఒక పాప నన్నడిగింది. దయ్యం పట్టిందనుకున్నారు.

కోయంబత్తూరు తీసుకెళ్తే, మాత్రలు ఆగిన సంగతి అక్కడ నిత్యే చెప్పింది. డాక్టరు, రాయి ఉంటే ఉండనీండి, మాత్ర మాత్రం ఒక్క పూట కూడా ఆపకూడదు అన్నారు. ఇంటికి రాగానే, ఎందుకు ఆపారని అత్తను అడిగాను.

"మాత్రకి బిడ్డ మబ్బుగా, నిద్దరమత్తుగా ఉండాదని నిలిపినా. దాని మేలుకే కదమ్మా."

"తెలుసు అత్తా. రాయి మీరు కట్టండి. మాత్ర ఇంక నేనే ఇస్తా."

ఆమె లేచి మాత్రల డబ్బా తెచ్చి నా చేతిలో పెట్టింది.

ఇంక ఇంతసేపూ ఆపుకున్న మాట. ఈ జబ్బు సంగతి బయట పెట్టకూడదని, రేపు దాని పెళ్లికి అడ్డమవుతుందని మనం అనుకున్నాం. నేను చెప్పేశాను, మామా. మిమ్మల్ని అడగకుండానే. శుక్రవారం మధుమిత టీచరును అడిగి క్లాసులో నిలబడ్డాను.

"ఇది దయ్యం కాదు, మెదడుకు వచ్చే జబ్బు. అంటుకోదు. నిత్య పడితే పక్కకు తిప్పి పడుకోబెట్టండి. చేతిలో ఇనుము, నోట్లో నీళ్లు పెట్టకండి. టీచరును పిలవండి" అన్నాను.

నిత్య తల దించుకుంది. ఇంక నాతో మాట్లాడదేమో అనుకున్నాను. సోమవారం అడిగిన ఆ పాపే లేచి, పక్కకంటే ఎట్లా అంది. అప్పుడు మన నిత్య బెంచీ దిగి, అందరి ముందు నేల మీద వెల్లకిలా పడుకుని, "రండి, నన్ను తిప్పి చూడండి" అంది. పిల్లలు చుట్టూ చేరారు.

మీకు కోపమొస్తే నా మీదే చూపండి. చెప్పినదాన్ని మాత్రం వెనక్కి తీసుకోను.

ఇట్లు,
మీ ఇల్లాలు, నిత్య అమ్మ,
వళ్లి