మీ అమ్మ మంట ఉందని చెప్పిన రోజు

ఏమయ్యా,

నువ్వు పోయి ఇవ్వాళ్టికి ఏడాది. దేవరకొండలో ఇంటికి తాళం వేసి, నేనూ మీ అమ్మా హైదరాబాద్ దవాఖాన దగ్గర కిరాయి గదిలో ఉన్నాం. ఆమె గొంతులో గడ్డ క్యాన్సరని తేలింది. రోజూ రేడియేషన్, మనవాళ్లు కరెంటు అంటారే, అది పెడుతున్నారు.

మింగితే నొప్పుందా, మంటుందా అని డాక్టరమ్మ వారం వారం అడుగుతుంది. "ఏం లేదు బిడ్డా, మంచిగనే ఉన్న" అంటుంది మీ అమ్మ. గదికొచ్చాక మాత్రం జావ కూడా మింగలేక మొహం తిప్పుకుంటుంది.

"గట్లెందుకు చెప్తున్నవ్ అత్తమ్మా?" అని ఇవ్వాళ డాక్టరమ్మ గది బయట అడిగాను.

"నొప్పంటే కరెంటు ఆపుతరు. ఆపితే గడ్డ పెరుగుతది. నేను గూడ పోతే నీకెవరున్నరే?"

నిజంగానే ఆపేస్తారేమోనని నాకూ భయమేసింది. అయినా లోపలికి వెళ్లగానే అంతా చెప్పేశాను. మీ అమ్మ నా చెయ్యి గిల్లింది.

డాక్టరమ్మ టార్చి వేసి నోట్లోకి చూసింది. "కరెంటు వల్ల పుండ్లయినయి. చెప్తే మందిస్తం. దాచిపెట్టి తినకుండ నీరసపడితేనే ఆపాల్సొస్తది" అంది.

"గడ్డ కరిగిందా మేడం?" అని అడిగాను.

"ఇప్పుడు చూస్తే వాపేదో గడ్డేదో తెల్వదమ్మా. కరెంటు అయిపోయినంక కొన్ని నెలలాగి స్కాన్ తీస్తం."

అన్నాళ్లు ఎట్లా ఆగాలో తెలియడం లేదు. గదికొచ్చి, మందు పుక్కిలింపించి, పెరుగన్నం మెత్తగా పిసికి పెట్టాను.

"మండుతాందా అత్తమ్మా?"

"మండుతాందే" అంది మీ అమ్మ. అని, ఇంకో ముద్దకు నోరు తెరిచింది.